చినగెడ్డవలస మీది ఆకుపచ్చ గీత

వేగావతిపేట హద్దుల కార్యాలయానికి కొత్త కంప్యూటరు రావడానికి వారం ముందే దాన్ని గురించిన ఉత్తర్వు వచ్చింది. రెండు పుటల ఉత్తర్వు. మొదటి పుట నిండా నాగరికతా వికాసాన్ని గురించిన ప్రస్తావన. రెండో పుటలో అసలు విషయం. ఇకమీదట తెర మీద కనిపించే పటమే ప్రమాణం. కాగితపు పటాలను చారిత్రక అవశేషాలుగా పరిగణించి బీరువాలలో భద్రపరచాలి. తెర మీద ఉన్నది భూమి మీద కనిపించనిచో అది లేనట్టు కాదు, భూమి ఇంకా సవరణకు నోచుకోనట్టు భావించవలెను.

ఈ చివరి వాక్యాన్ని డ్రాఫ్ట్స్‌మన్ బెవర తవిటినాయుడు మూడుసార్లు చదివాడు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆయన చేస్తున్న పని ఒక్కటే. సర్వేయర్లు గొలుసు లాగి కొలిచి తెచ్చిన అంకెల ప్రకారం, గుడ్డ మీద అంటించిన కాగితం పైన గీతలు గీయడం. గొలుసు నడవని చోట ఆయన కలం నడిచి ఎరగదు. భూమిని చూసి పటాన్ని దిద్దడమే తప్ప, పటాన్ని చూసి భూమిని దిద్దే విద్య ఆయనకు ఎవరూ నేర్పలేదు. అయితే ఉత్తర్వు సిబ్బందికి అర్థం కావాలన్న నిబంధన ఏదీ లేదు కనుక, చదివినట్టు సంతకం పెట్టి ఊరుకున్నాడు.

కంప్యూటరు సోమవారం నాడు వచ్చింది. కార్యాలయాధిపతి, సహాయ సంచాలకులు గంటి హేరంబరావు, పెట్టె విప్పకముందే స్వీకరణ పత్రం మీద సంతకం చేశాడు. 'పరిశీలించితిని. యంత్రము సర్వాంగసుందరముగా, నిర్దోషముగా ఉన్నది.' విప్పిన తరువాత సంతకం చేస్తే ఆలస్యానికి సంజాయిషీ ఇచ్చుకోవలసి వస్తుందని ఆయన భయం. ఆ తరువాత భద్రతా చర్యలు మొదలయ్యాయి. అటెండరు జమ్మయ్య కొవ్వొత్తి వెలిగించి, ఎర్ర లక్క కరిగించి, తీగ తెరలో దూరే చోట ఒకటి, అదే తీగ పెట్టెలో దూరే చోట ఒకటి, ఇలా సందు కనిపించిన ప్రతిచోటా బొట్లు పెట్టాడు. హేరంబరావు స్వహస్తాలతో ఇత్తడి ముద్ర వేశాడు. ముద్ర పగిలితే ఎవరు బాధ్యులో తెలిపే దస్త్రం ఆ సాయంత్రానికే తయారైంది.

మొట్టమొదట తెరిచిన పటం చినగెడ్డవలసది. అందుకు కారణం గొర్లె అసిరమ్మ. ఆమెకు ఆ ఊళ్లో డెబ్బై సెంట్ల జీడితోట, అందులో ఒక నుయ్యి ఉన్నాయి. పెనిమిటి పోయిన ఏడాది నుంచి పక్క తోటవాడైన మరిది అప్పలస్వామి తన ముళ్లకంచెను వారానికి ఇంత చొప్పున ఆమె నూతి వైపు జరుపుతున్నాడు. ధ్రువీకరించిన హద్దు పటం ఒకటి ఆమె చేతికి వస్తే సర్వేయరు వచ్చి రాళ్లు పాతుతాడు. రాళ్లు పాతితే కంచె ఆగుతుంది. పటం రాకపోతే కంచె ఆగదు. ఆ సోమవారం నాటికి కంచె నూతికి పద్నాలుగు బారల దూరంలో ఉంది.

తెర వెలిగింది. చినగెడ్డవలస వచ్చింది. దానితోపాటు, తెర పైఅంచు నుంచి కింది అంచు దాకా, వెంట్రుక మందాన, లేత అరటాకు రంగులో, నిట్టనిలువుగా ఒక గీత కూడా వచ్చింది. సరిగ్గా అసిరమ్మ నూతి మీదుగా పోతోంది.

హేరంబరావు కళ్లజోడు తుడుచుకొని అది ఏమిటని అడిగాడు.

"గీతండి. తెరలో లోపమండి," అన్నాడు తవిటినాయుడు.

"లోపమా? ఈ యంత్రం నిర్దోషమని ఉదయం పది గంటల నలభై నిమిషాలకు నేను లిఖితపూర్వకంగా ధ్రువీకరించి ఉన్నాను. కాబట్టి లోపమనే ప్రశ్న ఉత్పన్నం కాదు. లోపం కానిది సమాచారం అవుతుంది. ఈ సమాచారం దేనికి సంబంధించినదో చెప్పండి."

తవిటినాయుడు పటాన్ని మూసి చూపించాడు. పటం వెనక తెర మీద ఏదో పరదేశపు కొండ బొమ్మ ఉంది, మంచు కప్పుకొని. గీత ఆ కొండ మీదుగానూ పోతోంది. క్యాలెండరు తెరిచాడు. గీత పదమూడో తేదీకీ పద్నాలుగో తేదీకీ నడుమ నిలబడి ఉంది. ఇంతకంటె రుజువు ఏం కావాలని ఆయన ఉద్దేశం. హేరంబరావు చాలాసేపు ఆలోచించి, ఈ రేఖ పరిధి ఒక్క చినగెడ్డవలసకు పరిమితం కానట్టు దీనివల్ల ప్రాథమికంగా రుజువవుతోందని నిర్ణయించాడు. అసిరమ్మ దరఖాస్తు మీద ఎర్ర సిరాతో రాశాడు: 'రేఖా స్వభావము తేలువరకు పటము జారీ నిలుపుదల.'

మరుసటి వారం అసిరమ్మ వచ్చింది. తవిటినాయుడు ఆమెను తెర ముందుకు తీసుకువెళ్లి, సంగతి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె వంగి చూసింది. ఎడమ పక్కకు జరిగి చూసింది, కుడి పక్కకు జరిగి చూసింది.

"ఇది గాజులోన ఉన్నాది గానీ నా తోటలోన నేదు బావూ," అంది.

నాకు తెలుసునమ్మా అని ఆయన నెమ్మదిగా అన్నాడు. తెలియవలసినవాళ్లకు తెలియాలి గదా, అందుకు కొంచెం వ్యవధి పడుతుంది అన్నాడు. ఆమె కంచె పన్నెండు బారలకు వచ్చిందని చెప్పి వెళ్లిపోయింది.

కంప్యూటరు పెట్టెలో అడుగున ఒక చిన్న పుస్తకం ఉంది. తెర మీద గీతలు, మరకలు, మినుకులు కనిపిస్తే ఏం చేయాలో అందులో వరసగా ఉంది. తవిటినాయుడు దాన్ని నిఘంటువు దగ్గర పెట్టుకొని రెండు రోజులు చదివాడు. మొదటి మెట్టు: ఆపి మళ్లీ వెలిగించి చూడుము. వెలిగించాడు, గీత ఉంది. రెండో మెట్టు: తెర కొలతల అమరిక మార్చి చూడుము. మార్చాడు, అక్షరాలు ఏనుగులంత అయ్యాయి, గీత గీతలాగే ఉంది. మూడో మెట్టు: తీగ రెండు కొసలూ గట్టిగా బిగించి చూడుము. వదులైన తీగ వలన గీతలు కనిపించుట సర్వసాధారణము. తీగ రెండు కొసలకూ లక్క ఉంది. లక్క మీద ముద్ర ఉంది. లక్క గట్టిపడేటప్పుడు తీగను కొంచెం వెనక్కి నెట్టినట్టు కంటికే తెలుస్తోంది.

పుస్తకాన్ని ఆయన హేరంబరావు బల్ల మీద పెట్టి మూడో మెట్టు కింద వేలు పెట్టి చూపించాడు. హేరంబరావు ఆసాంతం చదివాడు. ఇది తయారీదారుల అభిప్రాయమే గాని ప్రభుత్వ అభిప్రాయం కాదన్నాడు. ముద్ర విప్పడానికి అయిదుగురు సభ్యుల సంఘం ఉండాలి. సంఘం వేయాలంటే యంత్రంలో లోపం ఉందని నివేదిక ఉండాలి. లోపం ఉందని నివేదిక ఇవ్వాలంటే లోపం లేదని తాను ఇచ్చిన ధ్రువపత్రం తప్పని ఒప్పుకోవాలి. అంతటి అసత్యానికి తాను పాల్పడలేనన్నాడు.

అమ్మిన సంస్థ నుంచి ఇంజనీరు ఒకతను వచ్చాడు. దూరం నుంచే గీతను చూసి నవ్వి, తీగ వైపు చెయ్యి చాచాడు. జమ్మయ్య అడ్డు నిలబడ్డాడు. ఇంజనీరు కాఫీ తాగి, సందర్శన పుస్తకంలో 'ముట్టుకోనివ్వలేదు' అని రాసి వెళ్లాడు. హేరంబరావు ఆ వాక్యం కింద 'యంత్రము ముట్టుకోవలసిన అవసరము కలుగలేదు' అని రాసి సంతకం చేశాడు.

తవిటినాయుడికి ఇక మిగిలింది ఒక్క ప్రయోగం. అధికారిని కుర్చీలో కూర్చోబెట్టి, మౌస్ పట్టుకొని పటాన్ని మెల్లగా పక్కకు జరిపాడు. తెర మీద తోటలు జరిగాయి, గెడ్డ వాగు జరిగింది, నుయ్యి గీత కింది నుంచి తప్పుకొని అవతలికి పోయింది. గీత మాత్రం ఉన్నచోటే ఉంది. మళ్లీ జరిపాడు. ఊరంతా అటూ ఇటూ తిరిగినా గీత కదల్లేదు. చిన్నపిల్లలకైనా అర్థమవుతుందన్న నమ్మకంతో ఆయన మౌస్ వదిలిపెట్టి చేతులు కట్టుకున్నాడు.

హేరంబరావు ముఖంలో రంగు మారింది. గొంతు తగ్గించి అన్నాడు: "నాయుడుగారూ, మీరు గమనించారో లేదో. రేఖ స్థిరంగా ఉంది. భూమే కదులుతోంది."

చినగెడ్డవలస అస్థిరంగా ఉన్నట్టు ఆ మధ్యాహ్నమే జిల్లాకు తంతి వంటి లేఖ వెళ్లింది. ఊరు కదిలిపోకుండా తీసుకోవలసిన చర్యలను గురించి అందులో మూడు సూచనలున్నాయి. లేఖ చివర, సదరు ఆకుపచ్చ రేఖ తమ కార్యాలయం వారిదేనా అని ఒక ప్రశ్న కూడా ఉంది. జిల్లావారు తమది కాదని అంటే, తమకు తెలియని రేఖ తమ జిల్లాలో ఉన్నట్టు ఒప్పుకోవాలి. అవునంటే అది ఏమిటో చెప్పాలి. వారు చాలా పరిణతి గలవారు. 'రేఖ విషయమై నియమానుసారము చర్య గైకొని, నెలవారీ పురోగతి నివేదింపవలెను' అని జవాబిచ్చారు. జవాబుకు ఒక సంఖ్య ఉంది. సంఖ్య ఉన్నదానికి దస్త్రం తెరవాలి. దస్త్రానికి పేరుండాలి. అట్ట మీద హేరంబరావు గుండ్రని అక్షరాలతో 'హరిత రేఖ' అని రాయించాడు. అప్పటిదాకా గీతగా బతికినది ఆనాటి నుంచి పథకమైంది.

పథకానికి పురోగతి చూపించాలి. గీత పొడవెంతో కొలవమని తవిటినాయుడికి ఆదేశం. ఆయన స్కేలు తెర మీద పెట్టి పదకొండున్నర అంగుళాలన్నాడు. హేరంబరావు చిరాకుపడి, పటం కొలమానం ప్రకారం భూమి మీద ఎంతో చెప్పమన్నాడు. చినగెడ్డవలస పటం మీద అది రెండు కిలోమీటర్లకు తేలింది. మొదటి నెల నివేదికలో రెండు కిలోమీటర్లు వెళ్లాయి. మందకొడిగా ఉన్నదని జిల్లావారు అసంతృప్తి వెలిబుచ్చారు. రెండో నెల హేరంబరావు మౌస్ చక్రాన్ని వేలితో వెనక్కి తిప్పి చూశాడు. పటం చిన్నదై మండలమంతా తెర మీదికి వచ్చింది. గీత మండలం ఈ కొస నుంచి ఆ కొస దాకా ఇరవై ఏడు కిలోమీటర్లు అయింది. మూడో నెల మరికాస్త తిప్పితే అరవై నాలుగు కిలోమీటర్లు. ఒక్క కూలీ లేకుండా, ఒక్క తట్ట మట్టి ఎత్తకుండా ఇంతటి ప్రగతి సాధించినందుకు హేరంబరావుకు ప్రశంసాపత్రం వచ్చింది. పక్క మండలాల అధికారులు తమకూ అటువంటి కంప్యూటరే కావాలని అర్జీలు పెట్టుకున్నారు. గీతల్లేని కంప్యూటర్లు వచ్చినవారు వాటిని లోపభూయిష్టమని తిప్పి పంపారు.

ఈలోగా అసిరమ్మ వస్తూనే ఉంది. తొమ్మిది బారలు. ఏడు బారలు. వచ్చినప్పుడల్లా తవిటినాయుడు బల్ల పక్కన నేల మీద కూర్చుని, కొంగు ముడి విప్పి దరఖాస్తు రసీదు చూపించేది. ఆయన కొత్తగా చెప్పేది ఏమీ ఉండేది కాదు. ఒకసారి ఆమె ఆ గీత దేనికోసమని వాళ్లంటున్నారో చెప్పమంది. ఇంకా తేలలేదు, రోడ్డు అంటున్నారు, కాలవ అంటున్నారు, ఏదో తీగ అని కూడా అంటున్నారన్నాడు.

"ఏటో తెలీనిది నా నూతి మీదినుంచే ఎలగెల్తాది బావూ? ఎల్లీవోడు ముందు ఏటో తెలుసుకొని గదా ఎల్తాడు," అంది.

అప్పలస్వామి ఏమంటున్నాడని ఆయన అడిగాడు. గీత పడింది గనక ఆ తోట ఎలాగూ వదినది కాదు, గవర్నమెంటుదీ కాదు, మధ్యలో తను దున్నుకుంటే ఎవరికి నష్టమని ఊరందరి ముందూ అంటున్నాడట. ఊళ్లో కొందరికి అది న్యాయంగానే తోచిందట.

పటాలు అచ్చు తీయడం మొదలుపెట్టేసరికి మరో చిక్కు వచ్చింది. కాగితం మీద గీత రావడం లేదు. చినగెడ్డవలస పటం అచ్చులో నిష్కళంకంగా, నుయ్యితో సహా, పూర్వం ఎలా ఉందో అలాగే వస్తోంది. తవిటినాయుడికి ప్రాణం లేచివచ్చింది. గీత గాజులోనే ఉందనడానికి ఇంకేం సాక్ష్యం కావాలని కాగితం పట్టుకొని పరుగున లోపలికి వెళ్లాడు. హేరంబరావు తెరనూ కాగితాన్నీ మార్చి మార్చి చూశాడు. తెర ప్రమాణమని ఉత్తర్వు ఉంది. కాగితం తెరతో ఏకీభవించడం లేదు. అచ్చు యంత్రం ఆకుపచ్చ రేఖను ఉద్దేశపూర్వకంగా దాస్తున్నదని తీర్మానించి, దానికి మెమో ఇచ్చాడు. యంత్రం పదిహేను రోజుల్లోగా జవాబివ్వకపోవడంతో నేరం అంగీకరించినట్టు నమోదైంది. అటు తరువాత, అచ్చయిన ప్రతి పటం మీదా తవిటినాయుడు స్కేలు పెట్టి, ఆకుపచ్చ సిరాతో గీత గీసి తెరతో సరిపెట్టాలని ఉత్తర్వు వెలువడింది.

ఆయన ఆ కాగితాన్ని వెనక్కి ఇచ్చేశాడు.

"కొలవని గీత నేను గియ్యనండి. ఏ రాయి నుంచి ఏ రాయికో చెప్పండి, ఇప్పుడే గొలుసట్టుకొని ఎల్తాను. రాయి లేదంటే గీతా లేదండి."

"ఇది విధి నిర్వహణలో విముఖత కిందికి వస్తుంది."

"రాసుకోండి సార్."

రాసుకున్నారు. తవిటినాయుడి సేవా పుస్తకంలో మొట్టమొదటి మచ్చ అదే. అందువల్ల ఆయనకు కలిగిన బాధ చెప్పుకోదగ్గది కాదు. ఆయన బాధల్లా, గీత గీయనన్నందువల్ల ఏ పటమూ బయటికి పోవడం లేదు. గీత గీస్తే అసిరమ్మ నుయ్యి పోతుంది, గీయకపోతే పటమే రాదు. రెండు విధాలా అప్పలస్వామి కంచె ముందుకే నడుస్తోంది.

అప్పటికి మండలంలో మౌస్ మహిమ అందరికీ తెలిసిపోయింది. చక్రం ఒక పన్ను తిప్పితే రేఖ రెండు ఊళ్ల అవతలికి జరుగుతుందని ఎవరో బయటపెట్టారు. ఒక ఊరి పెద్దమనిషి రేఖ తన ప్రత్యర్థి చెరువు మీదుగా పోవడమే ప్రజాహితమని అర్జీ పెట్టాడు. ప్రత్యర్థి దాన్ని పెద్దమనిషి మేడ మీదికి జరపాలని ప్రత్యర్జీ పెట్టాడు. రేఖ తమ ఊరి మీదుగా పోవడం లేదని ఒక ఊరివారు నిరాహారదీక్షకు కూర్చున్నారు, మా ఊరు చేసిన పాపమేమిటని. హేరంబరావు జమ్మయ్య చేత మౌస్ విప్పించి ఇనప బీరువాలో పెట్టి రెండు తాళాలు వేయించాడు. మౌస్ తోకకు లక్క పెట్టడం ఆనాడు మరిచిపోవడం వల్లనే ఆ పని వీలైంది. మౌస్ బయటికి తీసినప్పుడల్లా ఎటువైపు ఎన్ని అంగుళాలు జరిపిందీ రాసే 'మౌస్ చలన పుస్తకం' ఒకటి ఏర్పాటైంది. దాన్ని నిర్వహించడానికి ఒక ఉద్యోగి చాలడని ఇద్దర్ని కోరారు.

ఒకనాడు చలన పుస్తకంలో నమోదు చేసి, వేగావతిపేట పటం తెరిచారు. హరిత రేఖ బజారు దాటి, ఆసుపత్రి దాటి, హద్దుల కార్యాలయంలో సరిగ్గా సహాయ సంచాలకుల గది మీదుగా పోతోంది. తవిటినాయుడు ఆ గదిని వేలితో చూపించాడు. ఇప్పుడైనా అధికారికి చూపు వస్తుందని ఆశ. హేరంబరావుకు రానే వచ్చింది. రేఖా పరిధిలో ప్రభుత్వ కార్యాలయం కొనసాగడం నియమవిరుద్ధమని, కార్యాలయాన్ని తక్షణం పక్క వీధిలోని పాత ధాన్యం గోదాములోకి తరలించాలని ఆదేశించాడు. తన కుర్చీని మాత్రం ఆ రాత్రికి వరండాలో వేయించుకున్నాడు, రేఖ తలమీదుగా పోతుంటే పనిచేయడం క్షేమం కాదని.

తరలింపులో కంప్యూటరును జమ్మయ్యే మోశాడు. గోదాము మెట్టు దగ్గర కాలు తడబడి, బల్ల మీద కొంచెం దడాలున దించాడు. ఒక లక్క ముద్ర చిట్లింది. ఎవరైనా చూస్తారేమోనని ఆయన తీగను బొటనవేలితో గట్టిగా లోపలికి నొక్కి, చిట్లిన లక్కను కొవ్వొత్తితో మళ్లీ అతికించాడు. తెర వెలిగించారు.

గీత లేదు.

చినగెడ్డవలస తెరిచారు, లేదు. మండలం తెరిచారు, లేదు. మంచుకొండ మీదా లేదు, పదమూడో తేదీకీ పద్నాలుగో తేదీకీ నడుమా లేదు. చిన్న పుస్తకంలోని మూడో మెట్టు మూడు నెలల ఇరవై రోజుల తరువాత అమలైందని గ్రహించిన మనిషి ఆ గదిలో తవిటినాయుడు ఒక్కడే. లక్క అంటిన జమ్మయ్య బొటనవేలిని ఆయన గౌరవంగా చూశాడు.

ఇక పటాలు ఇవ్వవచ్చునా అని ఆయన అడిగాడు. హేరంబరావు కుర్చీలో కూలబడి ఉన్నాడు. అరవై నాలుగు కిలోమీటర్ల ప్రభుత్వ రేఖ తన ఆధీనంలో ఉండగా మాయమైంది. ఎల్లుండి నాలుగో నెల నివేదిక వెళ్లాలి. ప్రశంసాపత్రం గోడ మీద ఉంది. పటాల సంగతి తరువాత, రేఖ తిరిగి రానిదే ఈ కార్యాలయం నుంచి కాగితం ముక్క కూడా కదలడానికి వీల్లేదన్నాడు. పోలీసులకు ఫిర్యాదు చేయాలనుకొని, పోయిన వస్తువు పొడవు, వెడల్పు, బరువు అనే గడుల్లో బరువు దగ్గర ఆగిపోయాడు.

సాయంత్రానికి ఆయనకు పరిష్కారం తట్టింది. జమ్మయ్యను బజారుకు పంపి ఆకుపచ్చ స్కెచ్ పెన్ను తెప్పించాడు. స్కేలు, పెన్ను తవిటినాయుడి ముందు పెట్టి, రేఖను గాజు మీద యథాస్థానంలో పునరుద్ధరించమన్నాడు. తవిటినాయుడు వాటిని ముట్టుకోలేదు. ఇంకో మచ్చ పడుతుందన్నాడు హేరంబరావు. పడనీయండన్నాడు నాయుడు. చివరికి సహాయ సంచాలకుడే స్వయంగా గీశాడు. ముప్ఫై ఏళ్లుగా సంతకం తప్ప మరేదీ గీయని చెయ్యి అది. గీత మధ్యలో ఒకచోట వంకరపోయింది. ఆ వంకర కొండను తప్పించుకోవడానికని నివేదికలో రాశారు.

మర్నాడు ఉదయం అసిరమ్మ వచ్చింది. ఈసారి ఆమె నేల మీద కూర్చోలేదు.

"మూడు బార్లు బావూ. ఈ నెల దాటితే నూతిలోకి కంచె దిగిపోద్ది. రసీదట్టుకొని నాను నీళ్లకెవులింటికెల్లాల?"

తవిటినాయుడు లేచి ఆమెను లోపలికి తీసుకువెళ్లాడు. ఇది నియమాలకు అనుగుణమో కాదో ఆయన ఆలోచించలేదు. హేరంబరావు తెర ముందు కూర్చుని నివేదికకు కొలతలు తీస్తున్నాడు. చినగెడ్డవలసే తెరిచి ఉంది. అసిరమ్మ తెర దగ్గరికి వచ్చి, తన తోటను వేలితో వెతుక్కొని, నూతిని కనుక్కొంది. నూతి మీద ఆకుపచ్చ వంకర గీత.

ఆమె కొంగు కొసను నాలుకతో తడిచేసి, గాజును పైనుంచి కిందికి ఒక్కసారి తుడిచింది.

అరవై నాలుగు కిలోమీటర్ల హరిత రేఖ ఆమె కొంగుకు అంటుకుంది. నుయ్యి గుండ్రంగా, శుభ్రంగా కనిపించింది.

"ఇంత మాత్రానికేటి బావూ, నన్ను నాలుగు నెల్లు తిప్పినారు?" అంది, నాయుడితో కాదు, అధికారితో.

హేరంబరావు లేచి నిలబడ్డాడు. ఆయన నోట దస్త్రం మాట్లాడింది: ప్రభుత్వ రేఖా విధ్వంసము. సాక్షుల సమక్షమున, పట్టపగలు. తక్షణమే ఈ స్త్రీకి సంజాయిషీ కోరుతూ తాఖీదు జారీ చేయవలసిందని తవిటినాయుడికి ఆజ్ఞాపించాడు. నాలుగు నెలల్లో ఆయన ఇచ్చిన ఆజ్ఞలలో నాయుడు వెంటనే కలం తీసింది దీనికే.

తాఖీదు చక్కగా రాశాడు. 'చినగెడ్డవలస గ్రామమున తమ జీడితోటలోని నూతి మీదుగా పోవుచుండిన హరిత రేఖను తాము ఫలానా తేదీన తుడిచివేసినందులకు తమపై ఏల చర్య తీసుకొనరాదో పదిహేను రోజులలోగా తెలుపవలెను.' హేరంబరావు చదివి సంతృప్తిపడి సంతకానికి పెన్ను తెరిచాడు.

"ఒక్క మాట సార్," అన్నాడు తవిటినాయుడు. "హద్దుల ఆఫీసు నుంచి ఏ తాఖీదు ఎల్లినా దానికి నేర స్థలం పటం జతచెయ్యాలండి. ధ్రువీకరించిన పటం. లేకపోతే తాఖీదు చెల్లదండి."

ఆ నియమం నూట పదేళ్ల నాటిది. హద్దు తగవుల్లో ఏ స్థలం మీద తాఖీదో తెలియక ఒకరి తోట తాఖీదు మరొకరికి అందుతుండేదని దొరల కాలంలో పెట్టింది. ఎవరూ రద్దు చేయలేదు, ఎవరూ తప్పించలేదు. హేరంబరావుకు అది కంఠతా వచ్చు. జతచేయమన్నాడు. వెంటనే సందేహం వచ్చింది.

"పటంలో రేఖ చూపాలా, చూపకూడదా?"

"చూపితే రేఖ ఉన్నట్టండి. ఉంటే ఆవిడ తుడవనట్టండి. తుడవకపోతే నేరం లేనట్టండి."

హేరంబరావు ఈ తర్కాన్ని ఆమూలాగ్రం పరిశీలించాడు. ఎక్కడా లొసుగు కనిపించలేదు. రేఖ లేని పటమే జతచేయాలని దస్త్రంలో రాశాడు. తవిటినాయుడు బీరువా తీయించి, చారిత్రక అవశేషాల్లోంచి గుడ్డ పటం తీసి, కొలతలు సరిచూసి, అసిరమ్మ డెబ్బై సెంట్లనూ నాలుగు పక్కలా నల్లసిరాతో గీశాడు. రాయి నుంచి రాయికి, ప్రతి పక్క పొడవుకీ అంకె వేశాడు. నూతిని గుండ్రంగా చుట్టాడు. అప్పలస్వామి సరిహద్దును పాత రాళ్లు ఎక్కడున్నాయో అక్కడే, వెంట్రుకవాసి అటూ ఇటూ పోకుండా నిలిపాడు. కింద 'ధ్రువీకరించడమైనది' అని రాసి లోపలికి పంపాడు. సహాయ సంచాలకుడు సంతకం చేశాడు. జమ్మయ్య లక్క కరిగించాడు. ఇత్తడి ముద్ర పడింది.

అసిరమ్మను పిలిచి తాఖీదు, పటం కలిపి చేతికిచ్చి, అందినట్టు వేలిముద్ర తీసుకున్నారు. ఆమె వరండాలోకి వచ్చి, వెలుతురులో పటాన్ని విప్పి, నాలుగు హద్దుల వెంటా వేలితో నడిచింది. నూతి దగ్గర ఆగింది.

"దీన్ని సర్వేరుకి సూపిస్తే రాళ్లేత్తాడా?"

"చూపించిన రోజే ఎయ్యాలమ్మా. సంతకముంది, ముద్రుంది. కాదనడానికి ఆయనకి హక్కు లేదు."

ఆమె పటాన్ని మడిచి జాకెట్టులో దోపుకుంది. తాఖీదు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఆయన చేతిలో పెట్టింది.

"ఇది నాకక్కర్లేదు బావూ. మీరే ఉంచుకోండి," అని బస్సు వేళ అవుతోందని మెట్లు దిగింది.